స్కానర్ చెప్పిన పార్ట్ కొనే ముందు

మా బావ ఈమధ్య పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ కారు ఒకటి కొన్నాడు. అమ్మినాయన తాళాలతో పాటు ఒక ఫైలు కూడా ఇచ్చాడు. అందులో రిపేరు బిల్లులన్నీ తేదీల వారీగా ఉన్నాయి. ఆక్సిజన్ సెన్సర్ కొత్తది, ప్లగ్గులు కొత్తవి, ఇగ్నిషన్ కాయిల్స్ కొత్తవి, ఎయిర్‌ఫ్లో సెన్సర్ కొత్తది, ఫ్యూయల్ పంపు కొత్తది. "చూడు, బండిని ఎంత శ్రద్ధగా చూసుకున్నాడో" అని బావ మురిసిపోయాడు.

నాకు ఆ ఫైలు మరోలా కనిపించింది. ఆ బిల్లులన్నిటి మీదా రాసున్న కంప్లయింటు ఒక్కటే: బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ వణుకుతోంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది. ఒకటి మార్చిన కొన్నాళ్లకి ఇంకోటి మార్చారంటే మొదటిది కారణం కాదన్నమాట. ఆఖరిది మార్చాక బండి అమ్మకానికి వచ్చిందంటే అదీ కాదన్నమాట. లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

చాలాకాలంగా నాకున్న అభిప్రాయాన్ని ఆ ఫైలు మళ్లీ కదిపింది. పాత కారులో తేడా వస్తే ముందు అనుమానించాల్సింది పార్టుని కాదు. ఆ పార్టుని మిగతా బండితో కలిపి ఉంచే వాటిని. వైరు, ఎర్త్ (బ్యాటరీ మైనస్‌ని బాడీకీ ఇంజన్‌కీ కలిపే తీగ), కనెక్టర్, రబ్బరు పైపు, గ్యాస్కెట్, సీలు, బుష్. ఇనుము, అల్యూమినియం ఏళ్ల తరబడి నిలుస్తాయి. రబ్బరు వేడికి గట్టిపడి పగులుతుంది, లేదా ఆయిల్ తగిలి ఉబ్బి మెత్తబడుతుంది. రాగి తీగకి చెమ్మ తగిలితే లోపల్లోపలే పచ్చగా చిలుము పడుతుంది. వయసు ముందు వీటి మీదే పడుతుంది, కానీ బండి కంప్యూటర్ ఇచ్చే లోపాల కోడ్‌లు చదివే స్కానర్లో వీటికి పేరుండదు.

బావ కారులో దొరికింది కూడా అలాంటిదే. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి తీసుకెళ్లే గొట్టాల కూర్పు) అడుగున, చెయ్యి కూడా సరిగా దూరని చోట, ఇంజన్ లోపలి ఆవిర్లని తిరిగి మానిఫోల్డ్‌లోకి పంపే పీసీవీ పైపు వంపు తిరిగే దగ్గర రబ్బరు మెత్తబడి చీలిపోయింది. మానిఫోల్డ్‌లోకి పొగ పంపి చూస్తే ఆ చీలికలోంచి సన్నగా పైకి లేచింది. జానెడు పైపు మారిస్తే వణుకు పోయింది.

## కోడ్ ఎంతవరకు చెబుతుంది

ఆ కారులో ఉన్న కోడ్ పీ0171. దాని అర్థం ఇంజన్‌కి గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదని, ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) తన హద్దు మేరకు పెట్రోలు పెంచినా లెక్క కుదరడం లేదని. పెట్రోలు సరిగ్గా మండాలంటే బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి కావాలి. ఆ లెక్క తప్పిందని పట్టిచ్చింది ఆక్సిజన్ సెన్సర్. మొదటి బిల్లు ఆ సెన్సర్‌దే! సెన్సర్ తన పని చక్కగా చేసినందుకు దాన్నే పీకేశారు.

కోడ్ దగ్గరే ఆగకుండా అదే స్కానర్లో ఇంకో పేజీ తిప్పితే ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె కనిపిస్తుంది. ఈసీయూ ఎంత శాతం పెట్రోలు కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో అది చెబుతుంది. అటూ ఇటూ పది శాతం లోపుంటే కంగారు లేదు. ఆ అంకెని రెండు స్థితుల్లో చూడాలి: ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి ఒకసారి. ఐడ్లింగ్‌లో ఇరవై శాతం చూపించి, రేజ్ చేస్తే అయిదారుకి దిగిపోయిందంటే ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి వస్తోంది. ఐడ్లింగ్‌లో ఇంజన్ పీల్చే గాలి తక్కువ, మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ ఎక్కువ కాబట్టి చిన్న చీలిక కూడా పెద్ద వాటా తీసుకుంటుంది. త్రాటిల్ (గాలి లోపలికి వెళ్లే తలుపు) తెరుచుకుంటే ఆ వాటా తగ్గిపోతుంది. ఫ్యూయల్ పంపు నీరసించినా, ఫిల్టర్ పూడుకున్నా దీనికి సరిగ్గా తలకిందులు. ఐడ్లింగ్‌లో బాగానే ఉండి, లోడు పడేకొద్దీ అంకె పెరుగుతుంది. అంటే పంపు కొనక్కర్లేదని ఆ పంపు కొనకముందే తెలుసుకోవచ్చు. స్పానర్ పట్టాల్సిన పని కూడా లేదు.

స్కానర్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. దాని పుట్టుక గుర్తుంచుకోవాలంటాను. స్కానర్ చదివే కోడ్‌లని ఇచ్చే ఓబీడీ-2 అనే వ్యవస్థ అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకి 2001 నుంచి తప్పనిసరి అయింది. పొగ గొట్టంలోంచి వచ్చే కాలుష్యం హద్దు దాటే పరిస్థితి వస్తే డ్రైవర్‌కి చెప్పడం దాని మొదటి బాధ్యత. రిపేరుకి దారి చూపించడం ఆ తరువాతి ప్రయోజనం. అందుకే అది ఇంజన్ నిప్పు గురించీ, పొగ గురించీ అంత మాట్లాడుతుంది. పగిలిన ఇంజన్ మౌంటింగ్, పట్టేసిన బ్రేక్, చిలుము పట్టిన ఎర్త్ దాని కంటికి ఆనవు.

పీ0420 విషయంలో అయితే ఈ పొరపాటు మరీ ఖరీదైనది. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని కాలుష్యాన్ని తగ్గించే భాగం) సరిగా పనిచేయడం లేదని కోడ్ వస్తుంది, కన్వర్టర్ మారుస్తారు. కానీ మంచి కన్వర్టర్ తనంతట తాను చావడం అరుదు. ఒక సిలిండర్ మిస్సింగ్ కొట్టి (అంటే నిప్పు సరిగా అంటుకోక) మండని పెట్రోలు దాంట్లోకి వెళ్తేనో, ఇంజన్ ఆయిల్ తాగుతుంటేనో అది పాడవుతుంది. ఆ మూలం ముట్టుకోకుండా కొత్తది వేస్తే కొత్తదీ అదే దారి పడుతుంది.

## తీగ మిగిలింది

కరెంటు దగ్గర నా వాదన ఇంకా బలంగా నిలబడుతుందని నమ్ముతాను. మా పక్కింటి పిన్నిగారి కారు చల్లగా ఉన్నప్పుడు ఒకలా, వేడెక్కాక ఒకలా ఉండేది. తాళం తిప్పితే ఒక్కోసారి టిక్కుమని ఊరుకునేది. బ్యాటరీ మార్చారు. తరువాత సెల్ఫ్ మోటార్ మార్చారు. మళ్లీ టిక్కుమంది. "రెండూ కొత్తవే, ఇంకేం మిగిలింది బాబూ?" అని ఆవిడ అడిగారు. "వాటి మధ్య తీగ మిగిలింది పిన్నిగారూ" అన్నాను.

మల్టీమీటర్ ఉన్నవాళ్లు కూడా తడబడేది ఇక్కడే. వైరు రెండు కొసలా ముళ్లు పెట్టి బీప్ వినగానే వైరు బాగుందనేస్తారు. వంద పోగుల కేబుల్‌లో తొంభై తొమ్మిది తెగిపోయి ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు దాదాపు 200 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. కేబుల్ దారిలో 0.01 ఓమ్ అడ్డు ఉంటే చాలు, 2 వోల్టులు అక్కడే ఆవిరి. మామూలు మీటరు ముళ్ల తీగలకే అంతకి పది రెట్లకి పైగా అడ్డు ఉంటుంది. కాబట్టి ఓమ్‌లలో కొలిస్తే ఈ తేడా ఎప్పటికీ దొరకదు.

దొరికే పద్ధతి వోల్టేజ్ డ్రాప్. మీటరు వోల్టులలో పెట్టి, ఒక ముల్లు బ్యాటరీ మైనస్ బొడిపె మీద (క్లాంప్ మీద కాదు, సీసం బొడిపె మీదే), రెండోది ఇంజన్ బ్లాకు మీద శుభ్రమైన చోట ఆనించి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనాలి. 0.2 వోల్టుల దగ్గర ఉంటే ఎర్త్ బాగున్నట్టు. పిన్నిగారి కారులో ఒకటిన్నర దాటింది. ప్లస్ వైపు బ్యాటరీ నుంచి సెల్ఫ్ బోల్టు దాకా అదే పరీక్ష చేస్తే అరవోల్టు లోపే ఉంది. ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే అల్లిక ఎర్త్ పట్టీ పైకి బాగానే కనిపించింది. లాగితే లుగ్గులోంచి ఊడి చేతిలోకొచ్చింది.

ఎర్త్ పాడైన బండిలో కరెంటు ఆగిపోదు, వేరే దారి చూసుకుంటుంది. యాక్సిలరేటర్ కేబుల్ ఉన్న పాత బండ్లలో ఆ కేబుల్ గుండా, గేర్ కేబుళ్ల గుండా వెళ్తుంది. సెల్ఫ్ కొట్టాక యాక్సిలరేటర్ కేబుల్ వేడిగా ఉందంటే దాన్ని మించిన సాక్ష్యం అక్కర్లేదు. అలా వేడెక్కి లోపలి ప్లాస్టిక్ కరిగి కేబుల్ పట్టేస్తే, కేబుల్ మార్చేవాళ్లు ఎర్త్ గురించి ఆలోచించరు. ఒక చోటి లోపం ఇంకో చోట బిల్లవుతుంది.

బ్యాటరీని చార్జ్ చేసే డైనమో సంగతీ ఇంతే. ఇంజన్ ఆపి కొన్ని గంటలు వదిలిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగానికి దిగినట్టు. ఇంజన్ తిరుగుతుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. బ్యాటరీ దగ్గర 13.1 మాత్రమే ఉందని డైనమో విప్పేసే ముందు డైనమో వెనక బోల్టు దగ్గర కూడా కొలవాలి. అక్కడ 14.3 ఉంటే డైనమో నిక్షేపంగా ఉంది. పోతున్నది దారిలో.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోయే జబ్బు మీద ఒక్క మాట. అన్నీ ఆపి తలుపులు వేశాక కూడా బండి కొంచెం కరెంటు తాగుతుంది. 50 మిల్లీఆంపియర్ల లోపయితే సహజం. అరఆంపియర్ అయితే రోజుకి 12 ఆంపియర్ అవర్లు. 45 ఏహెచ్ బ్యాటరీ మూడో రోజుకి సెల్ఫ్ తిప్పలేదు. బండి ఆపగానే కొలిస్తే లెక్క తప్పుతుంది. కంట్రోల్ యూనిట్లు నిద్రపోవడానికి కొన్ని బండ్లలో అరగంట పైనే పడుతుంది.

## వేడి, ఆయిల్

ఇంజన్ వేడెక్కుతోందంటే నేను ముందు అడిగేది ఎప్పుడని. ఆగి ఉన్నప్పుడు టెంపరేచర్ ముల్లు పైకెళ్లి, బండి కదలగానే దిగితే ఫ్యానో, దాని రిలేనో, స్విచ్చో. వేగంగా వెళ్తున్నప్పుడు పెరిగితే ఫ్యాన్‌తో పనిలేదు. రేడియేటర్ పూడుకుపోవడం, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) సగమే తెరుచుకోవడం, వాటర్ పంపు రెక్కలు అరగడం చూడాలి. కూలెంట్ కొద్దికొద్దిగా మాయమవుతూ ఎక్కడా చుక్క కనిపించకపోతే రేడియేటర్ మూత కూడా అనుమానితుడే. మూత లోపలి రబ్బరు, స్ప్రింగ్ కలిసి ఒత్తిడి నిలుపుతాయి. ఆ ఒత్తిడి వల్లే కూలెంట్ నీళ్లు మరిగే వేడి దాటినా మరగకుండా ఉంటుంది. మూత పట్టు వదిలితే అంతా బాగున్న ఇంజన్ కూడా పొంగుతుంది.

వేడెక్కే బండికి థర్మోస్టాట్ తీసి పారేసే అలవాటు ఒకటుంది. దాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. చాలా ఇంజన్లలో అది 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకునేలా చేసింది ఊరికే కాదు. అది లేకపోతే ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, ఈసీయూ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మండని పెట్రోలు ఆయిల్‌లో కలిసి ఆయిల్‌ని పలచన చేస్తుంది. అసలు జబ్బు రేడియేటర్లో అలాగే ఉంటుంది. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు ముల్లు పైకి వెళ్తుందా అనే చూస్తారు. సగం దాకా రాకుండా కిందే ఉండిపోతుందా అన్నది కూడా చూడాలి.

ఆయిల్ లీకుల్లోనూ కారణం ఒక చోట, కనిపించేది ఇంకో చోట. క్రాంక్ సీలు కారుతోందని మారుస్తారు, కొన్నాళ్లకి కొత్త సీలూ కారుతుంది. సీలు నాసిరకమని తిట్టుకుంటారు. పీసీవీ వాల్వు పూడుకుపోతే క్రాంక్‌కేస్‌లో (ఇంజన్ అడుగు భాగంలో) ఒత్తిడి బయటికి దారి లేక సీళ్లని లోపలి నుంచి తోస్తుంది. ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ మూత వదులు చేసి, బుసబుసమని గాలి తన్నుతోందేమో చూడటానికి నిమిషం పట్టదు.

## మెకానిక్ మాట

ఇదంతా నాకు తెలిసిన ఒక పెద్ద మెకానిక్ ముందు పెట్టాను. చాలా అనుభవం, మంచి చెయ్యి. ఆయన నా మాట కాదనలేదు. "వెతకడానికి పూటంతా పడితే దానికి డబ్బులెవరిస్తారు సార్? పార్ట్ మారిస్తే ఎవరూ అడగరు. వైరు వెతికి టేపు చుట్టి ఇస్తే, ఈపాటి దానికి ఇంతా అంటారు" అన్నాడు.

ఈ మాటకి నా దగ్గర తేలికైన జవాబు లేదు. చేతిలోకి కొత్త వస్తువు రాకపోతే పని జరిగినట్టు మనం ఒప్పుకోం. పాత పార్ట్ చూపించు అంటాం గానీ ఏం కొలిచావో చెప్పు అనం. షెడ్డులో ఊహించి మార్చే పద్ధతి పెరగడంలో బండి ఓనర్ల వాటా తక్కువేం కాదు. అందుకే నేను బండి ఇచ్చేటప్పుడే చెప్పేస్తాను: కారణం కనిపెట్టిన కూలీ వేరే ఇస్తాను, పార్ట్ ఏదీ కొనాల్సిన పని లేకపోయినా ఇస్తాను, మార్చే ముందు మాత్రం కొలిచిన అంకె నాకు చెప్పండి. కొందరు నవ్వి ఊరుకుంటారు. కొందరు మాత్రం ఆ క్షణం నుంచి బండిని వేరే దృష్టితో చూస్తారు.

ఆయనది ఇంకో వాదన ఉంది, దాన్ని నేను ఇంకా గౌరవిస్తాను. "ఈ మోడల్‌కి ఎప్పుడూ ఇదే పోతుంది" అని. అది గుడ్డి ఊహ కాదు. వందల బండ్లు విప్పిన చేతికి వచ్చే జ్ఞానం. బండి వేడెక్కాక నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయితే అనుభవం ఉన్నవాడు నేరుగా క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరుగుడుని ఈసీయూకి చెప్పే సెన్సర్) దగ్గరికే వెళ్తాడు. పైగా ఆ జబ్బు షెడ్డుకి వచ్చేసరికి మాయమవుతుంది. లేని జబ్బుని ఏ మీటరూ కొలవలేదు. అలాంటప్పుడు అనుభవాన్ని నమ్మి మార్చడం తప్పంటానా? అనను. ఎక్కడ ముందు కొలవాలో అనుభవం చెప్పాలి, కొలిచే వీలు బొత్తిగా లేనప్పుడే ఏం కొనాలో కూడా అదే చెప్పాలి. ఆ సెన్సర్‌కి వేడి గాలి తగిలించి, వైరు అటూ ఇటూ కదిపి సిగ్నల్ పోతుందేమో చూసే అవకాశం చాలాసార్లు ఉంటుంది. కదిపితే పోయిందంటే దోషం కనెక్టర్‌ది. కొత్త సెన్సర్ బిగించేటప్పుడు ఆ కనెక్టర్ కదిలి కొన్నాళ్లు పనిచేస్తుంది, సెన్సరే పోయిందని అందరూ నమ్ముతారు. మళ్లీ ఆగినప్పుడు కొత్త సెన్సర్ కూడా పోయిందంటారు.

మార్చి చూడటం కూడా ఒక్కోసారి కొలతే. ఒకటో సిలిండర్ మిస్సింగ్ కొడుతోందని పీ0301 వస్తే, ఆ కాయిల్ తీసి మూడో సిలిండర్‌కి పెట్టి, మూడో దాని కాయిల్ ఇక్కడ పెట్టాలి. కోడ్ పీ0303 అయితే కాయిల్ దొరికింది. కదలకపోతే కాయిల్ నిర్దోషి, ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ వరసగా చూసుకోవాలి. దీనికి నాకు అభ్యంతరమే లేదు. ఏదీ కొనలేదు, వెనక్కి పెట్టేయొచ్చు, జవాబు స్పష్టం.

## వాదన వర్తించని చోటు

టైమింగ్ బెల్టు దగ్గర కొలత కోసం ఆగకూడదు. తెగేదాకా అది చప్పుడు చేయదు, చాలా ఇంజన్లలో తెగితే పిస్టన్లు వాల్వులకి తగిలి వంచేస్తాయి. పాత కారు కొన్నప్పుడు బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చినట్టు కాదనే లెక్క. కిలోమీటర్లు తక్కువ తిరిగినా ఏళ్లు గడిచాయంటే మార్చాల్సిందే. టైర్లు కూడా అంతే: పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. బ్రేక్ ఆయిల్ గాల్లో చెమ్మ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, చెమ్మ పట్టినదానికి అది 155కి దిగుతుంది. లోయలోకి దిగే దారిలో ఆ తేడా పెడల్ కింద తెలుస్తుంది. రెండేళ్లకోసారి మార్చేయడమే.

అయినా బ్రేకుల్లో సైతం ఊహ పనికిరాని చోటు ఉంది. ఒక చక్రం పట్టేసి వేడెక్కుతుంటే అందరూ కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లని నొక్కే భాగం) కొంటారు. చక్రం పైకెత్తి బ్లీడర్ నట్టు (బ్రేక్ ఆయిల్‌లోంచి గాలి తీసే నట్టు) కొంచెం వదులు చేస్తే చక్రం ఫ్రీ అయిందా? అయితే కాలిపర్ పిస్టన్ బాగానే ఉంది, ఒత్తిడి వెనక్కి పోలేక ఇరుక్కుంది. ఎక్కువసార్లు దోషం రబ్బరు హోస్‌ది. లోపల పొర లేచి ఆయిల్‌ని వెళ్లనిచ్చి తిరిగి రానివ్వదు. పైకి కొత్తదానిలా నున్నగా ఉంటుంది. వదులు చేసినా పట్టే ఉంటే అప్పుడు పిస్టన్, స్లైడ్ పిన్నులు చూడాలి.

## ఇంజన్ బోరుకొచ్చిందన్న తీర్పు

పాత కారు విషయంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట ఇది. పొగ నీలంగా వస్తోంది, ఆయిల్ తాగుతోంది, ఇంజన్ దింపాలి అని నిలబడ్డచోటే తేల్చేస్తారు. నీలం పొగ ఎప్పుడొస్తోందో అడగరు. రాత్రంతా నిలిపి పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున వచ్చి ఆగితే, లేదా దిగుడులో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు వస్తే, ఎక్కువగా వాల్వు సీళ్లు. చిన్న రబ్బరు టోపీలు. చాలా ఇంజన్లలో సిలిండర్లో గాలి నింపి వాల్వులు కిందికి జారకుండా నిలిపి, హెడ్ దింపకుండానే వాటిని మార్చొచ్చు. లోడు మీద అదే పనిగా పొగ వస్తుంటేనే పిస్టన్ రింగుల మాట ఎత్తాలి.

అప్పుడు కూడా ముందు కంప్రెషన్ గేజ్ పెట్టాలి. ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్. ఇంకా సందేహముంటే లీక్‌డౌన్ పరీక్ష: పిస్టన్‌ని కంప్రెషన్ పైకొసకి తెచ్చి సిలిండర్లోకి గాలి పంపి అది ఎటు జారుతోందో చెవి పెట్టి వినాలి. ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే రింగులు, సైలెన్సర్లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, త్రాటిల్ దగ్గర అయితే ఇన్‌టేక్ వాల్వు, రేడియేటర్లో బుడగలు లేస్తే హెడ్ గ్యాస్కెట్. రింగులనే తేలితే ఆ బండికి అంత ఖర్చు పెట్టాలా, అలాగే ఆయిల్ పోసుకుంటూ కొన్నాళ్లు నడపాలా, అమ్మేయాలా అన్నది ఓనర్ తేల్చుకోవచ్చు. ఆ అంకెలు చేతిలో లేకుండా ఇంజన్ దింపుతామంటే బండి వెనక్కి తెచ్చేసుకోమనే చెబుతాను.